చెరువుల మ్యాప్‌కు లాప్‌టాప్‌లోనే బ్యాకెండ్: పోస్ట్‌జీఐఎస్, మార్టిన్ చాలాకాలం వాడాక

హనుమకొండ, ములుగు వైపు గొలుసుకట్టు చెరువుల మీద పనిచేసే ఓ చిన్న బృందానికి వెబ్ మ్యాప్ చేసిపెడుతున్నాను. చెరువు శిఖం, తూములు, మత్తడి, మత్తడి దూకిన నీళ్లు కింది చెరువుకు పోయే కాలువ, అన్నీ కనబడాలి. ఎకరాల లెక్క తేలాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్ కాలనీలు నీట మునిగాక నాలాలు కూడా చేర్చమన్నారు. దీనికోసం నా లాప్‌టాప్‌లో పెట్టుకున్నది ఇదీ: డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను విడి పెట్టెలో పెట్టి నడిపేది) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని మీద మ్యాప్ లెక్కలు చేసే పోస్ట్‌జీఐఎస్, అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఎక్కించడానికి ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్, టైల్స్ (మ్యాప్‌ను చతురస్రాలుగా కోసిన ముక్కలు) ఇవ్వడానికి మార్టిన్. రెండేళ్లు దాటింది, కొత్త మోజు ఎప్పుడో దిగిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు రాయగలను.

డేటాబేస్‌కు వంక పెట్టలేను. టైల్ సర్వర్ ఏది పెట్టుకున్నా పెద్ద తేడా రాదు. తెలుగు పేర్లు రాయించేటప్పుడే అసలు తలనొప్పి, దాని గురించి నేను చూసిన ట్యుటోరియల్స్ ఒక్క ముక్కా చెప్పలేదు.

ఇదంతా సొంత మెషీన్‌లో ఎందుకంటే, పని జరుగుతున్నప్పుడు పేజీని రోజుకు వందలసార్లు రీలోడ్ చేస్తాం. డబ్బు తీసుకునే మ్యాప్ సర్వీసులు ముందు కార్డు అడుగుతాయి, తర్వాత ప్రతి లోడ్‌నూ లెక్కేస్తాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల టైల్ సర్వర్ విరాళాల మీద నడిచేది, భారీ వాడకం వద్దని వాళ్ల నియమాల్లోనే ఉంది. పైగా నెట్ పోయినా నా మ్యాప్ ఆగదు. వానాకాలంలో ఆ విలువ తెలుస్తుంది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైట్‌లో తెలంగాణకు విడిగా ఫైల్ ఉండదు. ఇండియా కింద సదరన్ జోన్ అని దక్షిణాది మొత్తం కలిపి ఇస్తారు. వందల ఎంబీల ఫైల్, మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే కొనసాగేలా వీగెట్ అనే టూల్‌తో దించుకోవడం మేలు. అంతటినీ డేటాబేస్‌లోకి ఎక్కించనక్కర్లేదు, ఆస్మియం అనే టూల్‌తో కావలసినంత మేర కత్తిరించుకోవచ్చు. నేను రేఖాంశం 79.2 నుంచి 80.3, అక్షాంశం 17.7 నుంచి 18.5 వరకు తీసుకున్నాను. ధర్మసాగర్, పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ అందులో పడతాయి. కత్తిరించేటప్పుడు స్మార్ట్ అనే పద్ధతి తప్పకుండా ఎంచుకోండి. లేకపోతే మల్టీపాలిగన్‌గా (చాలా గీతలు కలిపి ఒకే ఆకారంగా) గీసిన పెద్ద చెరువు అంచు మీద పడిందంటే సగం గట్టు బయటే ఉండిపోయి, టేబుల్‌లో ఆ చెరువే లేకుండా పోవచ్చు.

డాకర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. విండోస్ వాడేవాళ్లు, అక్కడ డాకర్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్‌కు మెమరీ పరిమితి పెట్టుకోవాలి, లేదంటే 8 జీబీ మెషీన్ దిగ్గున ఆగిపోతుంది. ఇమేజ్ (డాకర్ దించుకునే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) పేరు పక్కన లేటెస్ట్ అని కాకుండా వెర్షన్ నంబర్ రాయండి. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారితే డేటా దాచిన పాత వాల్యూమ్‌తో కొత్త కంటైనర్ (డాకర్ నడిపే పెట్టె) లేవనే లేవదు. మెషీన్‌లో ఇదివరకే పోస్ట్‌గ్రెస్ ఉంటే 5432 పోర్ట్ దగ్గర పేచీ వస్తుంది, బయటి పోర్ట్ 5433 చేస్తే సరి.

ఇక పోస్ట్‌జీఐఎస్. 2001 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, ఆ పాతదనమే దాని బలం. మన పనికి అది ఎంత అవసరమో ఎకరాల లెక్క దగ్గర అర్థమవుతుంది. ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్ మామూలుగా డేటాను 3857 అనే ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) ఎక్కిస్తుంది, దాదాపు వెబ్ మ్యాపులన్నీ వాడేది అదే. అందులో నేరుగా వైశాల్యం అడిగితే వరంగల్ అక్షాంశం దగ్గర దాదాపు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. అంటే 100 ఎకరాల చెరువు 111 ఎకరాలు అవుతుంది. శిఖం భూమి మీద గుంట గుంటకూ తగాదాలు నడిచే చోట ఇది చిన్న తేడా కాదు. జామెట్రీని (చదునుగా పరిచిన ఆకారం) భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే జాగ్రఫీ రకానికి మార్చి అడిగినా, యూటీఎం (భూమిని రేఖాంశాల వెంట పట్టీలుగా విభజించే పద్ధతి) 44వ జోన్ అయిన 32644లోకి మార్చి అడిగినా సరైన లెక్క వస్తుంది. ఉత్తర తెలంగాణ దాదాపుగా 44లోనే ఉంది. బోధన్ మాత్రం 78 డిగ్రీల రేఖాంశానికి కాస్త పడమరగా ఉండి 43లోకి పోతుంది. నిజామాబాద్ జిల్లా పని ఉన్నవాళ్లు జాగ్రఫీ రకమే వాడుకుంటే ఏ టెన్షనూ ఉండదు.

ఫోన్ జీపీఎస్‌తో చెరువుల దగ్గర తీసుకున్న బిందువులు ఎక్సెల్‌లో వస్తాయి, అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. పోస్ట్‌జీఐఎస్‌కు రేఖాంశమే ముందు కావాలి. తారుమారైతే హనుమకొండ చెరువు ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దగ్గర తేలుతుంది. అంత దూరం పోతుంది కాబట్టి వెంటనే కనిపెట్టొచ్చు, అదొక అదృష్టం.

వేగం అంతా జిస్ట్ ఇండెక్స్‌లో (ఏ ఆకారం ఎక్కడుందో త్వరగా వెతికిపెట్టేది) ఉంది. ఇండెక్స్ ఉన్న కాలమ్‌ను క్వెరీలో షరతు రాసే వేర్ క్లాజ్‌లో ట్రాన్స్‌ఫార్మ్ చేస్తే (వేరే ప్రొజెక్షన్‌లోకి మారిస్తే) ఆ ఇండెక్స్ పనికిరాదు. టైల్ చతురస్రాన్నే డేటా ఉన్న ప్రొజెక్షన్‌లోకి మార్చి అడగాలి. క్వెరీ నిమిషాలు తిన్నా, కన్నుమూసి తెరిచేలోగా వచ్చినా తేడా చాలాసార్లు ఇక్కడే.

జిల్లా సరిహద్దుల డేటా తీసుకునేటప్పుడు తేదీ చూడండి. 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి, 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. నెట్‌లో దొరికే షేప్‌ఫైళ్లలో ఈ మూడు దశలవీ ఉన్నాయి, ఫైల్ పేరు చూస్తే ఏది ఏదో తెలియదు. నేను టేబుల్‌లో ‘ఎప్పటి నుంచి’ అని ఒక కాలమ్ పెట్టుకున్నాను. పాత రికార్డులతో పోల్చేటప్పుడు అదే ఆదుకుంటుంది.

మార్టిన్ రస్ట్ భాషలో రాసిన తేలికైన సర్వర్. జామెట్రీ ఉన్న టేబుళ్లను తనే వెతుక్కుని 3000 పోర్ట్‌లో టైల్స్ ఇస్తుంది. కొత్త టేబుల్ పెట్టినప్పుడల్లా రీస్టార్ట్ చేయడం నాకు అలవాటైపోయింది. దూరపు జూమ్‌లో మాత్రం అది మనకోసం డేటాను తగ్గించదు, ప్రతి కుంటనూ టైల్‌లో కుక్కి పంపుతుంది. అందుకే డేటాబేస్‌లో ఒక ఫంక్షన్ రాసి, జూమ్ 10 కంటే తక్కువైతే పెద్ద చెరువులే ఇచ్చేలా పెట్టాను. జియోసర్వర్ అనే మరో సర్వర్‌తో కూడా ఈ పని అవుతుంది, డబ్ల్యూఎంఎస్ (మ్యాప్‌ను బొమ్మగా పంపే ప్రమాణం) అడిగే కార్యాలయాలకు అదే సరి. నా చిన్న మెషీన్‌కు ఆ జావా బరువు అనవసరం.

ఇప్పుడు తెలుగు సంగతి. మొదట వెబ్ పేజీలో, బ్రౌజర్‌లో మ్యాప్ గీసే మ్యాప్‌లిబ్రె అనే లైబ్రరీ పెట్టాను. ఇంగ్లిష్‌లో అందంగా ఉంది. తెలుగు పేరు పెట్టగానే వర్ధన్నపేట చెదిరిపోయింది. ధ ఒత్తు, న ఒత్తు కిందికి దిగలేదు, పొల్లులు విడిగా నిలబడ్డాయి, గుణింతాలు పక్కకు జరిగాయి. ఫాంట్ మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే లోపం ఫాంట్‌లో లేదు. మ్యాప్‌లిబ్రె ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో బొమ్మ తీసుకుని వరసగా పేరుస్తుంది. మన లిపిలో అక్షరాలు కలిసి రూపం మారతాయి కదా, నేను వాడినప్పుడు ఆ కలిపే పని అందులో జరగలేదు. అరబిక్‌కు విడిగా ప్లగిన్ ఉంది, మనకు అంత సులువుగా లేదు.

చివరికి టైల్స్ మార్టిన్‌వే ఉంచి, పేజీలో ఓపెన్‌లేయర్స్ అనే మరో లైబ్రరీ పెట్టాను. అది అక్షరాలను బ్రౌజర్ చేతే రాయిస్తుంది కాబట్టి నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో ఒత్తులు చక్కగా కూర్చున్నాయి. కాలువ పేర్లను వంపు వెంట కాకుండా మధ్యలో ఒక బిందువు దగ్గర రాయించాను. మ్యాప్‌ను తిప్పినప్పుడు మ్యాప్‌లిబ్రెలో ఉన్నంత నునుపు ఇందులో ఉండదు. అయినా రైతుకు తన ఊరి పేరు సరిగా కనబడటం ముఖ్యం కానీ నునుపు ఎవరికి కావాలి? అచ్చుకు ఇచ్చే మ్యాపులకు మ్యాప్‌ను బొమ్మగా గీసే మ్యాప్‌నిక్ వాడుతున్నాను, అది అక్షరాలను కలిపి రూపం దిద్దే హార్ఫ్‌బజ్ సాయంతో తెలుగును తప్పు లేకుండా రాస్తుంది. చాలా ఊళ్లకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరే లేదు. క్వెరీలో తెలుగు పేరు లేకపోతే మామూలు పేరు తీసుకోమని పెట్టి, ఖాళీలను తీరిక దొరికినప్పుడు నేనే అక్కడికి వెళ్లి నింపుతున్నాను.

డేటా మారకుండా చూపించడం ఒక్కటే మీ అవసరమైతే ఇంత హంగామా వద్దు. ప్లానెటైలర్ అనే టూల్‌తో ఒక పీఎంటైల్స్ ఫైల్ (టైల్స్ అన్నీ ఒకేచోట ఉండేది) చేసుకుని మామూలు వెబ్ సర్వర్ మీద పెట్టేయండి, డేటాబేస్ అక్కర్లేదు. చెరువు గట్టును రోజూ సవరిస్తూ, ఎకరాలు అడుగుతూ ఉండే పనైతే పోస్ట్‌జీఐఎస్‌కే రండి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే ఒక జిల్లాకు సరిపోతుంది.