ఫోల్డర్లు మిగిలాయి, మెయిళ్లు పోయాయి: ఒక పెయిడ్ ఈమెయిల్ సర్వీసు సంగతి

పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. రచయితలు పంపే సవరణలు, "ఈ పేరా తీసేయండి", "వద్దులెండి, ఉంచండి" అనే తర్జనభర్జనలు అన్నీ మెయిళ్లలోనే ఉంటాయి. రేపెవరైనా "నేనలా చెప్పలేదే" అంటే చూపించడానికి నాకున్న సాక్ష్యం అదొక్కటే. అందుకే ఏటా డబ్బు కట్టి మరీ ఈ సర్వీసు వాడుతున్నాను.

ముందు మంచి చెప్తాను. యాడ్స్ లేవు, స్పామ్‌ని బాగా పట్టుకుంటుంది, సెర్చ్ ఫాస్ట్. వాటికి వంక పెట్టను.

వాళ్ల స్టోరేజీ ఫెయిలైన రోజు లాగిన్ అయితే ఫోల్డర్లన్నీ ఉన్నాయి, ఒక్కో పుస్తకం పేరుతో, నేను పెట్టిన వరసలోనే. సబ్జెక్ట్ లైన్లూ కనిపించాయి. "మూడో అధ్యాయం, చివరి సవరణలు" మీద నొక్కితే తెల్లటి పేజీ. అటాచ్‌మెంట్ గుర్తు ఉంది, అటాచ్‌మెంట్ లేదు. సాయంత్రానికి ఆ సబ్జెక్ట్ లైన్లు కూడా పోయాయి.

సపోర్ట్‌కి రాస్తే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక ముక్క పడేసి టికెట్ మూసేశారు. గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది అసలు సంగతి. రెండో కాపీ ఉందట, కానీ అది ఎప్పటికప్పుడు మొదటిదాన్ని చూసి మారిపోయే కాపీ. ఇక్కడ చెరిగితే అక్కడా చెరుగుతుంది. దానికి బ్యాకప్ అని పేరు పెట్టి అమ్మడమే నాకు ఒళ్లు మండిన విషయం.

సిస్టమ్ ఫెయిలవడం ఎక్కడైనా ఉన్నదే. 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లోనూ స్టోరేజీ సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల కొందరి ఇన్‌బాక్స్‌లు ఖాళీ అయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో ఉన్న కాపీలూ దెబ్బతిన్నాయి. కానీ గూగుల్ వాళ్లు ఇంకో కాపీని మాగ్నెటిక్ టేపుల మీద విడిగా దాచారు. టేపు ఆఫ్‌లైన్‌లో ఉంటుంది కాబట్టి ఆ బగ్ దాని జోలికి పోలేదు, మెయిళ్లు తిరిగొచ్చాయి.

నా లాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం ఐమ్యాప్ మీద నడుస్తుంది, అంటే సర్వర్‌లో ఏముంటే ఇక్కడా అదే ఉంచే పద్ధతి. సర్వర్ ఖాళీ అనగానే అదీ బుద్ధిగా ఖాళీ అయిపోయింది. కాస్తయినా దక్కింది మూలనపడ్డ పాత లాప్‌టాప్ పుణ్యాన. ముందు రౌటర్ ఆపేసి, తర్వాతే దాన్ని ఆన్ చేశాను. నెట్ తగిలితే అదీ సింక్ అయి తుడిచిపెట్టుకుపోయేది. ఉన్నవన్నీ సర్వర్‌తో సంబంధం లేని లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసుకున్నాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ లాప్‌టాప్ మూలనపడ్డాక వచ్చిన మెయిళ్లను రచయితలను బతిమాలి మళ్లీ పంపించుకుంటున్నాను. ఒకాయనైతే "ఏ సవరణలండీ?" అంటున్నారు.

పరిహారం రెండు నెలల చందా మాఫీ. ఐదుకి రెండు స్టార్లు, అవీ స్పామ్ ఫిల్టర్‌కే. చేరాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఒకటి అడగండి: సర్వర్‌లో చెరిగిన మెయిల్‌ని పాత తేదీ కాపీ నుంచి తెచ్చివ్వగలరా, ఎన్ని రోజుల వెనక్కి? జవాబు రాతలో తీసుకోండి. ఇదే ప్రశ్నతో నేను మళ్లీ తెరిపించిన టికెట్‌కి ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు.