పాత తెలుగు అచ్చును చదివే టెసరాక్ట్

పాత పుస్తకాన్ని కడపలో ఏదైనా డీటీపీ సెంటరుకు ఇచ్చి మళ్లీ టైపు చేయించవచ్చు; అయితే "అను" అనే ఫాంట్లలో కొట్టిన ఫైలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) కాదు కాబట్టి అందులో ఒక్క మాట వెతుకుదామన్నా దొరకదు. శతకాలు, స్థానిక చరిత్రలు పోగుచేసుకున్న నాబోటివారికి అందుకే, స్కాన్ చేసిన పేజీ బొమ్మలోని అచ్చును చదివి టైపు చేసిన అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ నచ్చుతుంది. ఇది ఉచితం, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, నేరుగా యూనికోడ్ తెలుగే ఇస్తుంది.

హెచ్‌పీ ప్రయోగశాలల్లో 1985, 1994 మధ్య రూపొందిన ఈ సాఫ్ట్‌వేర్ 2005లో ఓపెన్ సోర్స్ అయింది. అక్షరాలను విడివిడిగా పోల్చే పాత పద్ధతికి బదులు, 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ వరుస మొత్తాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌తో (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాంతో) చదువుతుంది. గుడి పైకి, వత్తు కిందికి పోయే మన లిపికి ఈ మార్పు బాగా కలిసివచ్చింది.

శుభ్రమైన అచ్చులో వచనాన్ని మెచ్చుకోదగినట్టే చదువుతుంది గాని, ప, వల దగ్గర తడబడుతుంది. "వాడు" కాస్తా "పాడు" అయితే రెండూ నిఖార్సయిన తెలుగు మాటలే కనుక స్పెల్‌చెకర్ పట్టుకోలేదు, ప్రూఫు చూసే మనిషి కన్నే పట్టాలి. సిరా చెదిరిన చోట ద, థ, ధలు ఒకదానికొకటి మారిపోతాయి; గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెప్పే చిన్న చుట్టు అరిగిపోతే "కి", "కీ" ఒకటవుతాయి. పద్యాల్లోని అరసున్న పరిస్థితి మరీ అన్యాయం. పేజీ అంకెలు తెలుగులో వేసిన పుస్తకమైతే ౦ అంకెకూ సున్నకూ ఆకారం దాదాపు ఒకటే కావడంతో మరో తలనొప్పి.

వీటిలో చాలా తప్పులకు మూలం స్కానింగే. స్కాను కనీసం 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, పేజీ వాలకూడదు, బైండింగు మడతలో నీడ పడకూడదు. టెసరాక్ట్ తెలుగు చదవడానికి వాడుకునే భాషా ఫైళ్లలో "ఫాస్ట్", "బెస్ట్" అనే రకాలున్నాయి. సమయం పట్టినా పాత పుస్తకాలకు రెండోదే వాడడం మంచిదని నా అభిప్రాయం.

చేతిరాతకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. దీని శిక్షణ అచ్చు అక్షరాల మీద జరిగింది కాబట్టి తాతగారి ఉత్తరాలనైనా, కడపలోని మన సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలోని తాళపత్రాల వంటివాటినైనా ఇప్పటికీ చదవడం తెలిసినవారి చేతే ఎత్తిరాయించుకోవాలి.