గర్భిణులందరికీ థైరాయిడ్ టెస్టా, రిస్కు ఉన్నవాళ్ళకేనా: ఏది మేలు?

నెల తప్పిందని విశాఖ ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే హిమోగ్లోబిన్, షుగర్, బ్లడ్ గ్రూపు వరసలోనే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఈ నంబరు పెరుగుతుంది) కూడా రాసేస్తారు, మీరు అడగక్కర్లేదు. అదే అమ్మాయి కంచరపాలెంలో ఏఎన్ఎం దగ్గర కార్డు రాయించుకుంటే, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా, ఇంతకుముందు అబార్షన్ అయిందా అని అడిగి, లేదంటే ఆ టెస్టు లేకుండానే పంపించేయొచ్చు. ఇద్దరూ రూల్ ప్రకారమే చేస్తున్నారు, రూల్సే రెండు రకాలు. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు రిస్కు ఉన్నవాళ్ళకే చేయమంటాయి, ఇండియన్ థైరాయిడ్ సొసైటీ మాత్రం మొదటిసారి వచ్చినప్పుడే అందరికీ చేయమంటుంది. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో, అందరికీ చేయాలనడానికీ వద్దనడానికీ కూడా ఆధారాలు చాలవని చెప్పి, ముందు అందరినీ ప్రశ్నలడిగి రిస్కున్నవాళ్ళకి చేయమంది.

నా ఓటు అందరికీ చేయడానికే. కానీ ఒక్క టీఎస్‌హెచ్ చాలు, అది తొందరగా చేయాలి, వచ్చిన నంబరు చూసి ఇల్లంతా కంగారుపడకూడదు. ఈ మూడూ కుదరకపోతే అందరికీ చేసి లాభం తక్కువ, టెన్షన్ ఎక్కువ.

ముందు ప్రశ్నలడిగే పద్ధతి సంగతి చూద్దాం. కాగితం మీద బాగానే ఉంటుంది. గొంతు దగ్గర వాపు, తల్లికో అక్కకో థైరాయిడ్, టైప్ 1 షుగర్, పిల్లలు ఆలస్యంగా పుట్టడం, అబార్షన్లు, నెలలు నిండకుండా కాన్పు, ఎక్కువ బరువు, ఇవన్నీ అడగాలి. అమెరికా లిస్టులో ముప్ఫై దాటిన వయసు, అంతకుముందు రెండు కాన్పులు కూడా ఉన్నాయి. ఓపీలో నలభై మంది లైన్లో నుంచుంటే ఈ ప్రశ్నలన్నీ ఎవరు అడుగుతారు, అడిగినా అత్తగారు పక్కనుండగా పాత అబార్షన్ గురించి ఏ పిల్ల నోరు విప్పుతుంది? పోనీ అన్నీ సరిగ్గానే అడిగారనుకుందాం. 2007లో బ్రిటన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, రిస్కు చూసి టెస్టు చేస్తే టీఎస్‌హెచ్ పెరిగినవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది తప్పిపోతారని తేలింది. లక్షణాలు చూసి పట్టుకుందామంటే అదీ కుదరదు, నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం, నిద్రమత్తు, ఇవి కడుపుతో ఉన్న ప్రతి మనిషికీ ఉండేవే.

పైగా ఈ జబ్బు, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువయ్యే హైపోథైరాయిడ్, మన దగ్గర అరుదేం కాదు. పాశ్చాత్య దేశాల్లో గర్భిణుల్లో నూటికి ఇద్దరు ముగ్గురని లెక్కేస్తే, మన దేశంలో జరిగిన సర్వేల్లో ఐదు నుంచి పదకొండు దాకా వచ్చింది. సముద్రం పక్కన ఉంటాం, వారానికి నాలుగు రోజులు చేపలే, మాకెందుకొస్తుంది అనేవాళ్ళు మన విశాఖలో బోలెడుమంది. అయొడిన్ ఉప్పు వచ్చాక హైపోథైరాయిడ్‌కి పెద్ద కారణం ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేయడం, దానికి చేపలతో పని లేదు. (పింక్ సాల్ట్ మంచిదని అయొడిన్ ఉప్పు మానేసినవాళ్ళు ఈ తొమ్మిది నెలలైనా మళ్ళీ మామూలు ప్యాకెట్‌కి రండి.) పాడేరు, అరకు వైపు కొండల నుంచి వచ్చేవాళ్ళకైతే అయొడిన్ అనుమానం కూడా కలుస్తుంది, ప్రభుత్వ లిస్టులో అయొడిన్ లోపం ఉన్న ప్రాంతంలో నివాసం కూడా ఒక రిస్కే. వాళ్ళని మళ్ళీ రిపోర్టు కోసం విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా తిప్పడం కంటే, వచ్చిన మొదటి రోజే మిగతా రక్తంతో పాటు ఇంకో ట్యూబు తీస్తే సరిపోతుంది.

ఇక తొందర ఎందుకంటే, బిడ్డ థైరాయిడ్ తన అవసరానికి తగ్గ హార్మోన్ తయారుచేసే స్థాయికి రావడానికి 16 నుంచి 20 వారాలు పడుతుంది, అప్పటిదాకా బిడ్డ మెదడుకి తల్లి ఇచ్చేదే ఆధారం. తల్లి అవసరమూ పావు వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. ఐదో నెల స్కాన్‌కి వెళ్ళినప్పుడు తీరిగ్గా చేయించుకుంటే అసలు సమయం దాటిపోయినట్టే. నెల తప్పిన వెంటనే చేయించుకోవాలి, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడే చేయించుకుంటే ఇంకా మంచిది. పరగడుపున వెళ్ళక్కర్లేదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం డాక్టరుకి చెప్పి రెండ్రోజులు ఆపండి, అవి రిపోర్టుని తారుమారు చేస్తాయి.

రెండో వైపు వాదన కూడా గట్టిదే, దాన్ని దాచకూడదు. 1999లో అమెరికాలో ఒక పరిశోధనలో, థైరాయిడ్ తక్కువున్నా చికిత్స లేని తల్లుల పిల్లలకి ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువని వచ్చింది, 'ఏటమ్మా, పిల్లకి బుర్ర తక్కువ పుడతాదంట కదా' అనే భయమంతా అక్కడి నుంచి పాకినదే. తర్వాత బ్రిటన్, ఇటలీల్లో దాదాపు 22 వేల మంది గర్భిణులతో పెద్ద ట్రయల్ చేశారు. సగం మందికి వెంటనే టెస్టు చేసి అవసరమైతే మందిచ్చారు, మిగతా సగం మంది రక్తం దాచి కాన్పు అయ్యాక చూశారు. 2012లో ఫలితం వచ్చింది, మూడేళ్ళ వయసులో ఆ పిల్లల ఐక్యూలో తేడా లేదు. 2017లో అమెరికా ట్రయల్‌లో ఐదేళ్ళప్పుడు చూసినా అంతే. అయితే అమెరికాలో మందు మొదలైంది సగటున 17 వారాల దగ్గర, బ్రిటన్ ట్రయల్‌లో 13 దగ్గర, బాగా ముందే మొదలుపెడితే ఏమయ్యేదో ఆ ట్రయల్స్ చెప్పలేవు. పైగా వాటిలో ఎక్కువమందిది స్వల్ప తేడా. టీఎస్‌హెచ్ పది దాటినవాళ్ళ సంగతి వేరు, అబార్షన్, బీపీ, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ బరువు తక్కువ, ఈ ప్రమాదాలు నిజమైనవి, వాళ్ళకి మందు ఇవ్వాలనడంలో ఏ డాక్టరుకీ సందేహం లేదు. అందరికీ టెస్టు చేయమనేది అలాంటివాళ్ళు ఒక్కరు కూడా తప్పిపోకూడదనే.

అసలు గొడవంతా టీఎస్‌హెచ్ 2.5కీ 4కీ మధ్య వచ్చేవాళ్ళది. మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో మొదటి మూడు నెలలు 2.5, తర్వాత 3 హద్దు. అమెరికా వాళ్ళు 2011లో అదే అన్నారు, 2017కి వచ్చేసరికి స్థానిక లెక్కలు లేకపోతే 4 దాకా పర్లేదన్నారు. అంటే 3.2 వచ్చిన అమ్మాయికి ఒక డాక్టరు మాత్ర రాస్తే ఇంకొకరు వద్దనొచ్చు, ఇద్దరి దగ్గరా కారణాలుంటాయి. అప్పుడే యాంటీ టీపీఓ టెస్టు (రక్షణ వ్యవస్థ థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసేది) పనికొస్తుంది, అది పాజిటివ్ అయితే మందు వైపు మొగ్గుతారు. ల్యాబ్ కాగితం మీద పక్కన ప్రింటయ్యే రేంజ్ మాత్రం మామూలు మనుషులది, 4.8కి నార్మల్ అని ఉందని డాక్టరుతో వాదించకండి. మందు వేసుకుంటే పోయేదేముంది అనేవాళ్ళకి కూడా ఒక మాట. 2017లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా లెక్కల్లో, మాత్ర వేసుకున్నవాళ్ళలో గర్భం పోవడం తగ్గినా అది 4 దాటినవాళ్ళలోనే కనిపించింది, 2.5 నుంచి 4 మధ్య వాళ్ళకి ఆ లాభం లేదు, పైగా మొత్తంమీద ముందస్తు కాన్పులు, బీపీ కాస్త ఎక్కువే ఉన్నాయి.

ల్యాబుల్లో అమ్మే థైరాయిడ్ ప్రొఫైల్ ప్యాకేజీ మొదటే అక్కర్లేదు. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలోని మొత్తం టీ3, టీ4 (థైరాయిడ్ హార్మోన్లు) సహజంగానే ఒకటిన్నర రెట్లు దాకా పెరుగుతాయి, ఎర్ర అక్షరాల్లో ‘హై’ అని చూసి రాత్రంతా నిద్రపోని ఇళ్ళున్నాయి. మూడో నెల దగ్గర టీఎస్‌హెచ్ బాగా తక్కువ రావడం కూడా చాలావరకు గర్భం హార్మోన్ పనే. టీఎస్‌హెచ్ ఎక్కువొస్తేనే మిగతావి.

ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నవాళ్ళకి ఈ పోలికతో పని లేదు. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి, సాధారణంగా వారానికి ఏడు మాత్రలు వేసుకునేవాళ్ళని తొమ్మిది వేసుకోమంటారు, సగం గర్భం దాకా నాలుగు వారాలకోసారి టెస్టు చేస్తారు. బిడ్డకి మంచిది కాదేమోనని సొంతంగా ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం.

మాత్ర మొదలైతే పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో, కాఫీ అరగంట నుంచి గంట ఆగి. సెంటర్లో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు, నెలాఖరుకి టీఎస్‌హెచ్ తగ్గలేదని డోసు పెంచుతారు. ఐరన్ మధ్యాహ్నం భోజనం తర్వాత, కాల్షియం రాత్రికి పెట్టుకుంటే సరి. కాన్పు అయ్యాక ఆరు వారాలకి మళ్ళీ చూపించుకోండి, గర్భంలోనే మొదలైన స్వల్ప తేడా అయితే చాలామందికి మందు ఆపేస్తారు. బిడ్డకి పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ దగ్గర రక్తపు చుక్క తీసి చేసే థైరాయిడ్ టెస్టు వేరు, మీ టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చినా అది అడిగి చేయించాల్సిందే.