పడుకోని రూముకు 4,500

దసరా సెలవుల్లో అండమాన్ పోదామంటే తిరుపతిలో మా వీధి చివర ట్రావెల్స్ ఆయన ఒకే మాట అన్నాడు: "సెప్టెంబరు దాటితే వానలు అయిపోయినట్టే సార్, రేటు సగం." నమ్మాను. అక్టోబరులో మన తిరుపతికే వానలు మొదలవుతాయే, సముద్రం మధ్యలో ఉన్న దీవిని వదిలేస్తాయా అన్న ఆలోచనే రాలేదు. నైరుతి రుతుపవనం మన దేశంలో ముందు తాకేది అండమాన్ నికోబార్‌నే, మే నెలలో. అది వెనక్కి పోయేలోపే ఈశాన్యం తయారు.

చెన్నై ఎయిర్‌పోర్టుకు కారు 3,800. నలుగురికి విమానం రానూపోనూ 41,600. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) మొదటి రెండు రోజులు, సెల్యులార్ జైలుతో సహా, హాయిగా గడిచాయి.

మూడో రోజు బోటులో హ్యావ్‌లాక్ దీవికి పోవాలి. జెట్టీలో సామాన్లు దించాక చెప్పారు, సముద్రం బాగాలేదు, బోట్లు రద్దు. టికెట్ డబ్బులు తిరిగొచ్చాయి. హ్యావ్‌లాక్‌లో ముందే కట్టిన రూము 4,500 మాత్రం రాలేదు. ఓనరుకు ఫోన్ చేస్తే "మీ కోసం ఖాళీగా ఉంచాం కదా సార్" అన్నాడు. ట్రావెల్స్ ఆయనకు చేస్తే "అది మీరూ వాళ్ళూ చూసుకోవాలి." ప్యాకేజీ అమ్మేటప్పుడు ఈ 'మీరూ వాళ్ళూ' ఎక్కడుందో!

ఆ రాత్రికి జెట్టీ దగ్గర దొరికిన లాడ్జి 2,200. దిండు చేత్తో పట్టుకుంటే చల్లగా తడి తగిలింది, గోడకు నల్లటి బూజు, ఏసీ నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు. మా అత్తమ్మ మంచం మీద సొంత దుప్పటి పరిచి, "దీనికన్నా మన బస్టాండు బెంచీ మేలు" అనేసి అటు తిరిగి పడుకుంది. నా భార్య నాతో పొద్దునదాకా మాట్లాడలేదు.

మూడ్ మార్చింది ఒక మెస్. శ్రీకాకుళం వాళ్ళది, భోజనం 140. పప్పు, చారు, చేపల పులుసు. అత్తమ్మ చేపలు ముట్టదు, సంచిలోంచి ఊరిబిండి (శెనక్కాయల పచ్చడి) డబ్బా తీసింది. మెస్ ఆవిడ వంగి చూసి "ఏటమ్మా ఇది?" అంది. "ఏందమ్మా, ఊరిబిండి తెలీదా?" అని ఈవిడ. ఇద్దరూ అరగంట శెనక్కాయలు వేయించడం గురించే మాట్లాడుకున్నారు. పెరుగుకు డబ్బులు తీసుకోలేదు.

మర్నాడు బోటు నడిచింది. నీళ్ళు మురికిగా ఉన్నాయని స్కూబా ఆపేశారు, బావమరిది ముఖం ముడుచుకున్నాడు. రాధానగర్ బీచ్ బాగుంది, కానీ అయిదుంబావుకే సూర్యుడు దిగిపోయాడు. గడియారం మనదే అయినా అక్కడ పొద్దు దాదాపు యాభై నిమిషాలు ముందే గుంకుతుంది, మధ్యాహ్నం నిద్ర వద్దు.

రేటు సగమని ఈ నెలల్లో పోయేవాళ్ళు రూము నేరుగా బుక్ చేసుకోండి. 'బోటు రద్దైతే డబ్బు వాపసు' అని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. హ్యావ్‌లాక్ ముందు చూసేసి, విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి మేలు. అత్తమ్మ మళ్ళీ వస్తానంటోంది, ఈసారి దిండు పట్టుకు చూశాకే డబ్బులు ఇవ్వాలట.