గిటార్‌ని ఆంప్‌కి కలపాలా, కంప్యూటర్‌కా?

ఎలక్ట్రిక్ గిటార్ చేతికి రాగానే ఎదురయ్యే ప్రశ్న ఇది. ఎటు కలిపినా దూరేది అదే 6.35 మిల్లీమీటర్ల జాక్. తేడా అంతా ఆ తర్వాతే.

ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే యాంప్లిఫయర్. దాని దారి సూటిగా ఉంటుంది. కేబుల్ పెట్టి స్విచ్ వేస్తే చాలు, తీగ మీటగానే శబ్దం. వాల్యూమ్ బాగా పెంచితే స్పీకర్ శబ్దానికి తీగలు మళ్లీ కంపించి స్వరం సాగుతూనే ఉంటుంది. ఆ అనుభూతి హెడ్‌ఫోన్స్‌లో దొరకదు. ఇబ్బందల్లా చప్పుడే.

కంప్యూటర్‌కైతే మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చి కంప్యూటర్‌కి పంపే పెట్టె) కావాలి. లాప్‌టాప్ మైక్ ఇన్‌పుట్‌లో నేరుగా పెట్టకండి. మామూలు పికప్‌కి (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) దాదాపు 1 మెగా ఓమ్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, ఉన్న ఇన్‌పుట్ సరిపడుతుంది. బాగా తక్కువైతే పదును పోయి, స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. మొదట్లో నేను ఇంటర్‌ఫేస్‌లో ఇంపీడెన్స్ తక్కువగా ఉండే లైన్ ఇన్‌పుట్‌లో పెట్టి, పికప్పే పాడైందని టెన్షన్ పడ్డాను. ‘ఇన్‌స్ట్’ (ఇన్‌స్ట్రుమెంట్) బటన్ నొక్కగానే శబ్దానికి ప్రాణం వచ్చింది.

ఇక కంప్యూటర్ దారిలో తీగ మీటాక శబ్దం వినిపించడానికి పట్టే ఆలస్యం సంగతి. కంప్యూటర్ శబ్దాన్ని శాంపిల్స్ అనే చిన్న ముక్కలుగా తీసుకుని, ఒక్కో విడతగా బఫర్‌లో పోగేస్తుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ బఫర్‌కి సుమారు 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. 1024 పెడితే 21 దాటుతుంది, తాళం చేతికి చిక్కదు. అయినా రికార్డింగ్‌కీ, ఒకే రిఫ్‌ని (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరస) పది టోన్లలో విని చూసుకోవడానికీ దీనికి సాటి లేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి నా ఓటు చిన్న ఆంప్‌కే. రెండూ ఉన్నవాళ్లు మాత్రం ఆంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ని ఇంటర్‌ఫేస్‌కి ఎప్పుడూ కలపకండి, కాలిపోవచ్చు. ఆంప్‌కి లైన్ అవుట్ (ఇతర పరికరాలకి తక్కువ స్థాయి సిగ్నల్ పంపే సాకెట్) ఉంటే అదే వాడండి.