గండికోటలో రెండు తెల్లవారుజాములు

"లోయ అంచునే టెంట్ సార్. పొద్దున్నే జిప్ తీస్తే చాలు, ఎదురుగా సూర్యుడు." ఫోన్‌లో ఆ మాట నమ్మి 1,500 రూపాయలు అడ్వాన్స్ పంపాను. కెమెరా పట్టుకుని గండికోట వెళ్ళాలనుకునేవాళ్ళు మిగతాదంతా వదిలేసినా సరే, ఈ టెంట్ సంగతి మాత్రం చదవండి.

జనవరి చివరి శనివారం నేను, మా ఆవిడ, మా బావమరిది కర్నూలు నుంచి కారులో బయల్దేరాం. ఓర్వకల్లు రాళ్ళ దగ్గర అరగంట ఆగాం, బనగానపల్లెలో టిఫిన్ చేశాం, బేలం గుహల్లో రెండు గంటలు తిరిగాం. ఎక్కడా ఇబ్బంది లేదు. సాయంత్రం ఐదున్నరకు గండికోట చేరాం.

టెంట్లు లోయ అంచున లేవు. కోటకు రెండు కిలోమీటర్లు ఇవతల, రోడ్డు పక్కన పంట కోసేసిన చేనులో ఉన్నాయి. దాదాపు ఇరవై టెంట్లు, తాళ్ళు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా. "లోయ ఏది బాబూ?" అని టెంట్లు చూసుకునే అబ్బాయిని అడిగితే, "కోటలోకి నడ్సుకుంటా పోతే కనపడ్తాది సార్" అన్నాడు. టెంట్ 1,600 చొప్పున రెండింటికి 3,200. చలిమంటకు ఇంకో 400 అని అక్కడికి వెళ్ళాక చెప్పాడు. లోపల పరుపు తడిగా ఉంది. మా ఆవిడ చెయ్యి పెట్టి చూసి, ఆ చెయ్యి నాకు చూపించి, ఏమీ అనకుండా కారులోంచి దుప్పటి తెచ్చుకుంది. అంతమందికీ ఒకటే బాత్రూమ్, రాత్రి తొమ్మిదికే అందులో నీళ్ళు అయిపోయాయి. స్పీకర్‌లో పాటలు ఒంటిగంట దాకా మోగుతూనే ఉన్నాయి. డబ్బులు వెనక్కిమ్మని అడిగితే "అడ్వాన్స్ ఓనర్ దగ్గరుంది" అన్నాడు. ఆ ఓనర్ ఫోన్ ఎత్తలేదు. బావమరిది కారు సీటు వెనక్కి వాల్చుకుని అక్కడే పడుకున్నాడు.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణే. పొద్దున జరిగింది మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఐదున్నరకు లేచి చూస్తే మా కారుకు అడ్డంగా నాలుగు కార్లు. వాళ్ళను లేపే మనిషి లేడు. ట్రైపాడ్ భుజాన వేసుకుని నడిచి, కోటలోకి వెళ్ళి, రాళ్ళ మీదుగా లోయ అంచుకు చేరేసరికి ఏడు దాటింది. సూర్యుడు అప్పటికే పైకొచ్చేశాడు. మన వైపు సూర్యుడు దాదాపు నిటారుగా ఎక్కుతాడు కాబట్టి మెత్తటి వెలుగు అరగంట కూడా నిలవదు. చలిదేశాల వాళ్ళ వీడియోలు చూసి తీరిగ్గా గంటసేపు తీసుకోవచ్చు అనుకుంటే కుదరదు.

అయినా తీశాను. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఆకాశానికి పెడితే షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు చూపించింది, లోయ అడుగుకు పెడితే 1/8 వంతు. అంటే వెలుతురులో అరవై రెట్ల తేడా. ఆకాశానికి సరిపెడితే పెన్నా నది మసిబొగ్గులా వచ్చింది, నదికి సరిపెడితే ఆకాశం తెల్లకాగితం. తర్వాత ఒకటిగా కలుపుదామని ఒక్కో ఫ్రేమ్‌ను రెండు స్టాపులు తక్కువ, మామూలు, రెండు స్టాపులు ఎక్కువ (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమో, రెట్టింపో అవుతుంది) పెట్టి మూడేసి తీశాను. గాలికి ట్రైపాడ్ కదిలి ఆ మూడూ ఒకదానిమీద ఒకటి కుదరలేదు. పైగా ఎక్కువ మేర పట్టే 10 మి.మీ. వైడ్ లెన్స్‌లో అంత లోతైన లోయ పొలం పక్క కాలువలా కనపడింది. ఎన్ని లోయల ఫోటోలు తీసినా నాకు జరుగుతున్నది ఇదే. కళ్ళముందు అంత పెద్దది, ఫోటోలో ఇంత చిన్నది.

టెన్షన్‌తో నేను సూర్యుడి వైపు టకటకా నొక్కుతుంటే, మా ఆవిడ కోపంగా నాకు వీపు పెట్టి ఇంకో రాయి మీద కూర్చుంది. కాసేపటికి ఆమే పిలిచింది. "ఏమండీ, అందరూ అటే చూస్తున్నారు గానీ, ఇటు గోడ చూడండి."

ఎదురు గట్టు ఎర్రగా కాలుతోంది. అట్టలు దొంతర పెట్టినట్టు పేర్చుకున్న ఆ రాతిపలకల్లో ప్రతి అంచుకూ కింద సన్నటి నీడ. నేను లెన్స్ మార్చేలోపు ఆ రంగు వెలిసిపోయింది.

ఆదివారమే తిరిగి రావాల్సింది. ఇంకో రాత్రి ఉందామని మా ఆవిడే అంది, టెంట్‌లో మాత్రం కాదని గట్టిగా చెప్పింది. పదిహేను కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగులో లాడ్జి దొరికింది, ముగ్గురికి కలిపి 1,100. వేడినీళ్ళు, ఉతికిన దుప్పట్లు. నా సలహా అడిగితే అదే చేయండి. టెంట్ కావాల్సిందే అనుకుంటే, అది ఉన్న చోటును మ్యాప్‌లో పంపమనండి. పంపకపోతే పైసా కట్టొద్దు.

మధ్యాహ్నం మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూశాం. నడినెత్తిన ఎండలో రాయి రంగంతా పాలిపోతుంది, గోపురం ఫోటోలు ఒక్కటీ దాచుకోలేదు. కోట లోపలే ఊరుంది. అక్కడ ఒక అవ్వ పొద్దున చెబితే మధ్యాహ్నానికి వండిపెట్టింది. సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి), మనిషికి 200. సంగటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి, అందులో పులుసు పోసి, "నమలొద్దు నాయనా, మింగు" అంది. పొద్దున్నుంచి మాట్లాడని బావమరిది మూడో ముద్ద అడిగాడు. గొంతులో మిరియాల ఘాటు సాయంత్రం దాకా నిలిచింది.

సోమవారం ఐదింటికే లాడ్జి వదిలాం. అంచున కంచె లేదు, రాళ్ళ మధ్య సందులు లోతు. తలకు కట్టుకునే లైటు లేకుండా చీకట్లో అటు పోవద్దు. ఈసారి జనం నిలబడే చోటు నుంచి కొంచెం పక్కకు వెళ్ళాం. గాలికి కదలకుండా ట్రైపాడ్ నడిమి కడ్డీని దించేసి, కింద బ్యాగ్ వేలాడదీశాను. వైడ్ లెన్స్ బ్యాగ్‌లోనే ఉంచి, దూరంవాటిని దగ్గరగా చూపే 55-250 జూమ్ లెన్స్ పెట్టి, సూర్యుడికి పక్కగా తిరిగి ఎదురు గోడ మీద ఫోకస్ చేసి కూర్చున్నాను. ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/11, చెయ్యి అదురు తగలకుండా నొక్కిన రెండు సెకన్లకు తీసే టైమర్.

ఆరూ నలభై ఎనిమిదికి గోడ పైఅంచున ఒక గీత వెలిగింది. ఆ గీత మెల్లగా ఒక్కో పలక దిగుతూ వచ్చింది. ఒక పగులులో మొలిచిన రావి మొక్క కనపడింది, ఆకులు గాలికి ఊగుతున్నాయి, వాటి నీడ రాతి మీద ఊగుతోంది. నదీ ఆకాశమూ రెండూ ఫ్రేమ్‌లో లేవు. మూడు ఎక్స్‌పోజర్ల అవసరం రాలేదు, ఒకటే చాలింది. ఇరవై నిమిషాల్లో పదకొండు ఫోటోలు తీశాను, అంతే. ముందురోజు 240 తీశాను.

శీతాకాలంలో సూర్యుడు ఆగ్నేయంలో పుడతాడు కాబట్టి ఉత్తరపు గట్టు మీద ఏటవాలుగా పడే ఈ వెలుగు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే బాగుంటుంది. ఎండాకాలం నడుమకొస్తే సూర్యుడు ఈశాన్యానికి జరుగుతాడు, పొద్దున ఆ గోడ నీడలోనే ఉండిపోతుంది. సినిమా సెట్‌లా మెరిసే ఫోటో చూసి మేలో వచ్చి, ఇక్కడేముంది అని తిట్టుకునేవాళ్ళను చూశాను.

జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం, ప్లేటు 40. మొత్తం ఖర్చు పెట్రోలుతో కలిపి 10,850. అందులో ఆ టెంట్‌కు పోసిన 3,600 తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కారులో మా ఆవిడ కెమెరా తీసుకుని ఆ పదకొండూ ఒక్కొక్కటే జూమ్ చేసి చూసింది. ఆరో దాని దగ్గర ఆగి, "ఈ మొక్క ఉన్నది పెద్ద సైజులో ప్రింట్ వేయించండి, హాల్లో పెడదాం" అంది.