రోజూ రాత్రి కలిసి తినడమా, ఆదివారం భోజనమా?

1936లో బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలో కలిసినా, మన తెలుగిళ్లలో అన్నం దగ్గర మాటలు తెలుగే. బడిలో పిల్లలకు ఒడియా, ఇంగ్లీషు. అమ్మానాన్నలతో తీరిగ్గా కూర్చునేది రాత్రి కంచాల ముందే. అందుకే నేను రోజూ కలిసి తినమంటాను. పప్పుచారు, రెండు వడియాలు చాలు. నాన్న అన్నం కలుపుకుంటుంటే, "లెక్కల్లో మార్కులు తగ్గాయి నాన్నా" అని పిల్ల తనంతట తానే చెప్పేస్తుంది. ఆదివారం దాకా ఆగితే ఆ మాట లోపలే ఉండిపోతుంది.

ఆదివారం భోజనానికీ ఓ అందముంది: కోడికూర, పక్కింటి ఒడియావాళ్ల దగ్గర నేర్చుకున్న దాల్మా (కూరగాయలు వేసిన పప్పు), తాతయ్య కబుర్లు. రాత్రి పదింటికి కొట్టు కట్టేసేవాళ్లకు అదే దిక్కు. అయినా వాళ్లూ వారంలో రెండు రాత్రులైనా పిల్లలు పడుకోకముందే ఇల్లు చేరాలి. ఫోన్లు మాత్రం ఎప్పుడు తిన్నా పక్క గదిలోనే.